తెడ్డు, పుట్టి, కృష్ణానది

మాదాపూర్ అద్దాల మేడల నడుమ దుర్గం చెరువు ఉంది. ఒకప్పుడు గోల్కొండ దాహం తీర్చిన నీరది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. అయితే తెడ్డు వేయడానికి సరదాపడే ఐటీ ఉద్యోగులు సెలవు రోజుల్లో వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి జలాశయానికి వెళ్తుంటారు.

అసలైన ఒంటరి పడవ బతుకు చూడాలంటే మాత్రం కృష్ణానది ఒడ్డున ఉన్న సోమశిల దాటి వెళ్లాలి. అక్కడ శ్రీశైలం జలాశయం నల్లమల కొండల్లోకి చొచ్చుకుపోతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు ఆ ఒడ్డున గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. వారి పడవ పుట్టి. వెదురు బద్దలను బుట్టలా అల్లి, అడుగున పట్టా బిగించి, నీరు చొరకుండా తారు పూస్తారు. గుండ్రటిది కనుక తెడ్డు తప్పితే గిర్రున తిరుగుతుంది. ముందువైపు కూర్చుని, నీటిని తమవైపు లాక్కుంటూ నడపాలి. ఎంతో గౌరవించాల్సిన నేర్పు ఇది!

ఆ నల్లమల అడవిలో పులులున్నాయి. అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడ గుడారం వేయకూడదు.

నీటిలోనూ ప్రమాదం ఉంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. కాబట్టి శ్రోతలారా, వరద రోజుల్లో నదిలోకి దిగకండి. లైఫ్ జాకెట్ విప్పకండి. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి మరీ బయలుదేరండి.