గాజుగుడ్డ పని

టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన విశాఖ అగనంపూడిలోనే ఉంది కాబట్టి, సింహాచలం శ్రోతలకు ఈ మాట పనికొస్తుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌ను చాలామందికి ముందు బయటి నుంచి, తర్వాత లోపలి నుంచి ఇస్తారు. లోపలిదాన్ని బ్రాకీథెరపీ అంటారు. సన్నని గొట్టాల్లోంచి ఇరిడియం-192 అనే చిన్న గింజ వెళ్లి, కణితి దగ్గర కొన్ని సెకన్లు ఆగుతూ కదులుతుంది.

చిక్కేమిటంటే, ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం. రెండూ ఆనుకునే ఉంటాయి. అయితే గింజ నుంచి దూరం రెట్టింపైతే మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే డాక్టరు తడి గాజుగుడ్డను యోనిలో ఓపికగా కూరి, రెండింటినీ కాస్త దూరం జరుపుతారు. ఎంత పెద్ద యంత్రమున్నా ఈ చేతిపని తప్పదు! ఎనిమా, మూత్రపు గొట్టం కూడా ఇందుకే.

తర్వాత స్కాన్. ఈ అవయవాల్లో ఎక్కువ మోతాదు పడే 2 ఘనపు సెంటీమీటర్ల భాగాన్ని లెక్కిస్తారు. బయటి రేడియేషన్‌తో కలిపి మూత్రాశయానికి 90, పురీషనాళానికి 75 గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) సాధారణంగా పాటించే హద్దు. దాటేలా ఉంటే గింజ ఆగే సెకన్లు తగ్గిస్తారు.

చికిత్స ముగిశాక ఒంట్లో రేడియేషన్ మిగలదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. నెలల తర్వాతైనా మూత్రంలో, మలంలో రక్తం కనిపిస్తే మాత్రం సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.