యాభై రెండేళ్ల వయసులో పి.ఎల్./ఎస్.క్యూ.ఎల్.



కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను, లెక్కల విభాగంలో గుమాస్తాగా చేరినవాణ్ణి. 1997లో మా ఆఫీసు పెన్షను లెడ్జర్లను ఒరాకిల్‌లోకి ఎక్కించేనాటికి నాకు యాభై రెండేళ్లు. శిక్షణకు పేరిచ్చినవాళ్లలో పెద్దవాణ్ణి నేనే.

ఎస్.క్యూ.ఎల్. త్వరగానే పట్టుబడింది. ఫలానా వారి మూల పెన్షను ఎంత అని అడిగితే చెబుతుంది, అంతే. కానీ ఒక్కొక్కరి రికార్డు తీసి, కమ్యుటేషన్ మినహాయించి, డి.ఏ. కలిపి, బిల్లులో రాసి, తరువాతి మనిషి దగ్గరకు వెళ్లాలంటే అది చాలదు. అందుకే ఒరాకిల్ కంపెనీ 1988లో ఆరో వెర్షన్‌తో పి.ఎల్./ఎస్.క్యూ.ఎల్. తెచ్చింది. డిక్లేర్ కింద మనకు కావలసిన గడులు, బిగిన్ కింద లెక్క, ఎక్సెప్షన్ కింద లెక్క తప్పితే ఏం చేయాలో రాస్తాం. మన పాత బిల్లు ఫారం, అడుగున రిమార్కులతో సహా, అనుకోండి.

నా మొదటి ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయేది. 'నో డేటా ఫౌండ్' అనేది. విసుగెత్తి, ఒక్కొక్కరి లెక్క కింద 'వెన్ అదర్స్ దెన్ నల్' అని రాశాను. అంటే, ఏ తప్పు వచ్చినా నోరు మూసుకుని ముందుకు పొమ్మని. గడగడా నడిచింది. ఆ రాత్రి ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ నెల ఒక్క బ్యాంకు శాఖ జాబితానే కంప్యూటరుకు వదిలాం. అయిదో తారీకున మా పాత అటెండరు భార్య పాసుబుక్కు పట్టుకుని వచ్చింది. "బాబూ, డబ్బు పడలేదు" అంది. బ్యాంకులో అడగమని పంపాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాను. మూడోసారి వచ్చాక గానీ లెడ్జరు పక్కన పెట్టుకుని పేర్లు లెక్కపెట్టలేదు. పదకొండు మంది లేరు! తొమ్మిది మంది కుటుంబ పెన్షనర్లు, ఇద్దరు కమ్యుటేషన్ తీసుకోనివారు. కమ్యుటేషన్ పట్టికలో వాళ్లకు వరసే లేదు. వెతికి దొరక్క ప్రోగ్రాము వాళ్లను వదిలేసింది. చెప్పవద్దన్నది నేనే కనుక చెప్పలేదు.

దిద్దుబాటు చిన్నదే. ఆ పట్టిక వెతికే చోట విడిగా ఒక బ్లాకు పెట్టి, 'నో డేటా ఫౌండ్' అయితే కమ్యుటేషన్ సున్నా అనుకోమన్నాను. మిగతా ఏ తప్పు వచ్చినా పెన్షను నంబరుతో సహా వేరే పట్టికలో రాయమన్నాను. ఆ సాయంత్రం పదకొండు బిల్లులూ చేత్తోనే రాశాం.

"తప్పు బ్యాంకుది కాదమ్మా, నాది" అన్నాను ఆమెతో.

"సరేలే బాబూ, రెండుసార్లు బస్సు చార్జీలు దండగయ్యాయి" అంది. ఇస్తానంటే తీసుకోలేదు.

సెలవు.