డాగ్ వాకింగ్ బిజినెస్ కోసం పొలం కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది వినండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం ఇవాళ కొంచెం కొత్త టాపిక్ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను.

మాకు తెలిసిన ఒకమ్మాయి మొన్నామధ్య ఫోన్ చేసింది. "అన్నయ్యా, వేలంలో మూడెకరాల పొలం వచ్చింది. చుట్టూ కంచె వేసి డాగ్ ఫీల్డ్ పెడదామనుకుంటున్నాం. ఎల్లుండే వేలం" అంది. భార్యాభర్తలిద్దరూ ఏళ్లతరబడి దాచుకున్న డబ్బు అది. "ప్లానింగ్ పర్మిషన్ సంగతి కనుక్కున్నావా అమ్మా?" అని అడిగాను. "ఒక్క ఇటుక కూడా పెట్టట్లేదు కదా అన్నయ్యా, గడ్డి గడ్డిలాగే ఉంటుంది, పర్మిషన్ ఎందుకు?" అంది.

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. అందుకే ఈ వీడియో.

ముందు ఈ బిజినెస్ ఏంటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇక్కడ కొన్ని కుక్కల్ని పార్కులో వదల్లేరు. కొన్ని వేరే కుక్కని చూస్తే మీదపడతాయి, కొన్ని పిలిస్తే వెనక్కి రావు. అలాంటివాళ్లు ఎత్తైన కంచె ఉన్న పొలాన్ని అరగంటకో గంటకో బుక్ చేసుకుని, అందులో కుక్కని స్వేచ్ఛగా వదులుతారు. దీన్నే సెక్యూర్ డాగ్ ఫీల్డ్ అంటారు. డాగ్ వాకింగ్ చేసేవాళ్లు కూడా సొంత పొలం ఉంటే బాగుంటుందని చూస్తుంటారు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్‌లో ప్లానింగ్‌కి మూలం 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ యాక్ట్. దాని ప్రకారం 'డెవలప్‌మెంట్' అంటే కట్టడం ఒక్కటే కాదు. భూమి వాడకం చెప్పుకోదగ్గంతగా మారినా డెవలప్‌మెంటే. పంట వేయడం, గొర్రెలు మేపడం వ్యవసాయం. డబ్బు తీసుకుని కుక్కల్ని తిప్పనివ్వడం వ్యవసాయం కాదు. కాబట్టి ఇటుక పెట్టకపోయినా 'చేంజ్ ఆఫ్ యూజ్' పర్మిషన్ కావాలి.

మన ఊళ్లలో నాలా కన్వర్షన్ అనే మాట విన్నాం కదా, వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చుకోవడం. ఆలోచన కొంచెం అలాంటిదే. కానీ ఇక్కడ ఫీజు కట్టినంత మాత్రాన పని అయిపోదు. కౌన్సిల్ చుట్టుపక్కల వాళ్ల అభిప్రాయం అడుగుతుంది, రోడ్ల విభాగాన్ని అడుగుతుంది, చివరికి కాదు అని కూడా అనొచ్చు.

మనవాళ్లు పొరపాటు పడే చోట్లు మూడు ఉన్నాయి.

మొదటిది కంచె. రెండు మీటర్ల ఎత్తు వరకు కంచెకి మామూలుగా విడిగా పర్మిషన్ అక్కర్లేదు. వాహనాలు తిరిగే రోడ్డు పక్కనైతే ఒక్క మీటరే. అయితే కంచెకి పర్మిషన్ అక్కర్లేదంటే బిజినెస్‌కీ అక్కర్లేదని కాదు. ఆ రెండూ వేరు.

రెండోది 28 రోజుల రూలు. భూమిని ఏడాదిలో మొత్తం 28 రోజులు తాత్కాలికంగా వేరే పనికి వాడుకోవచ్చు. శని, ఆదివారాలు మాత్రమే తెరిచినా 14 వారాలకి అయిపోతాయి. ఏడాది పొడవునా నడిచే వ్యాపారం దీనిమీద నిలబడదు.

మూడోది అమ్మేవాళ్ల మాట. "ఇక్కడ ఎప్పట్నుంచో కుక్కల్ని తిప్పుతున్నారండీ, ఎవరూ ఏమీ అనలేదు" అంటారు. అప్పుడు రెండు కాగితాల్లో ఒకటి అడగండి: ప్లానింగ్ పర్మిషన్ కాపీ గానీ, లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ గానీ. పర్మిషన్ లేని వాడకం మీద చర్య తీసుకోవడానికి కౌన్సిల్‌కి సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది. ఆ పదేళ్లూ ఆగకుండా నడిచిందని రుజువు చూపాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు భూమితో పాటే వస్తుంది. తప్పు పాత యజమానిదైనా, నోటీసు పాటించకపోతే కేసు ఇప్పటి యజమాని మీద పడుతుంది.

మరి కౌన్సిల్ ఏం చూస్తుంది? ఒకటి, కార్లు రోడ్డు మీదికి వచ్చేచోట రెండువైపులా ఎంత దూరం కనిపిస్తుంది. రెండు, పార్కింగ్ ఎక్కడ. మూడు, పక్కింటికి మొరుగుడు వినిపిస్తుందా. నాలుగు, ఒకేసారి ఎన్ని కుక్కలు, ఏ టైము నుంచి ఏ టైము వరకు. లైట్లు, షెడ్డు, నేలమీద గూళ్లు కట్టే పక్షులు, పక్క పొలంలో గొర్రెలు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గ్రీన్ బెల్ట్‌లో ఉంటే ఆ ఖాళీతనం చెడకూడదు. పర్మిషన్ ఇచ్చినా షరతులతో ఇస్తారు. గంటకి ఒక్క బుకింగే, చీకటి పడ్డాక మూసేయాలి అంటే మీ ఆదాయం లెక్క మారిపోతుంది. అందుకే లాభం లెక్క వేసేటప్పుడు షరతులు కూడా ఊహించుకుని వేయండి.

ఇప్పుడు అసలు మాట. చాలామందికి తెలియదు, మీది కాని భూమి మీద కూడా మీరు ప్లానింగ్‌కి అప్లై చేయొచ్చు. యజమానికి నోటీసు ఇస్తే చాలు. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ భూమి పాత అప్లికేషన్లు చూడండి. అదే కౌన్సిల్‌లో వేరే డాగ్ ఫీల్డ్‌లకి ఏ షరతులు పెట్టారో, ఎందుకు తిరస్కరించారో చదవండి. అదంతా ఫ్రీ. తర్వాత ప్రీ అప్లికేషన్ సలహా తీసుకోండి. సొలిసిటర్‌తో మాట్లాడి, 'పర్మిషన్ వస్తేనే కొంటాం' అనే షరతుతో అగ్రిమెంట్ రాయించుకోండి. భూమి మీద పాత ఆంక్షలు, జనం నడిచే ఫుట్‌పాత్ హక్కు, రోడ్డు దాకా దారి హక్కు ఉన్నాయేమో కూడా ఆయన్నే చూడమనండి. వ్యవసాయ భూమికి బిజినెస్ రేట్స్ ఉండవు, వాడకం మారితే రావచ్చు, అదీ గుర్తుంచుకోండి.

టైము కూడా చూసుకోవాలి. చిన్న అప్లికేషన్‌కి గడువు 8 వారాలు. స్థలం ఒక హెక్టారు దాటితే మేజర్ కింద లెక్కేసి 13 వారాలు అనొచ్చు. మూడెకరాలంటే సుమారు 1.2 హెక్టార్లు. మరి మామూలు వేలంలో? సుత్తి పడగానే కాంట్రాక్టు అయిపోయినట్టే. పది శాతం అప్పటికప్పుడు కట్టాలి, మిగతాది తరచుగా 28 రోజుల్లో. పర్మిషన్ రాలేదని వెనక్కి తగ్గితే ఆ పది శాతం పోయినట్టే.

ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంత మంచి పొలం మళ్లీ దొరుకుతుందా అన్నయ్యా?" అంది. "పొలం దొరుకుతుందమ్మా, పోయిన డబ్బు దొరకదు" అన్నాను. వేలానికి వెళ్లలేదు. ఇప్పుడు ఇంకో రైతుతో షరతు అగ్రిమెంట్ గురించి మాట్లాడుతున్నారు. వస్తుందో రాదో నేను చెప్పలేను. రాకపోయినా దాచుకున్నది మాత్రం చేతిలోనే ఉంటుంది.

ఒక్క మాట. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్ రూల్స్ వేరు. నేను లాయర్ని కాదు, మీ భూమి గురించి ప్లానింగ్ కన్సల్టెంట్‌నో సొలిసిటర్‌నో తప్పకుండా అడగండి. కానీ సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే అడగండి.

మీ ప్రశ్నలు కింద రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.