ఖాళీ గడియు, సున్నయు



వెనుక కరణములు అడంగలులో గీతలు గీసి వ్రాసిన పట్టిక వంటిదే కంప్యూటరు పట్టికయు. 1979లో ‘విసికాల్క్’ వెలువడినది. నేడు మన యువకులు ‘ఎక్సెల్’ నేర్చుచున్నారు, సంతోషము. అయితే సూత్రములకంటె ముందు గడులు నింపుట నేర్వవలెను.

ఐదు కుటుంబముల భూమిని వ్రాయుదము: 32, 4, 2, 2 ఎకరములు, ఐదవ వారికి సెంటు భూమియు లేదు. ఆ గడిని ఖాళీగా విడిచినచో ‘ఏవరేజ్’ సూత్రము ఆ కుటుంబమునే లెక్కింపక సగటు 10 అని చెప్పును. సున్న వేసినచో 8 అగును. ఆ ఎనిమిదెకరములైనను ఎందరికున్నవి? విలువలను వరుసగా పేర్చి నడిమిదానిని చూపు ‘మీడియన్’ 2 అనును. ఊరి స్థితికి దగ్గరి మాట అదియే.

వివరము తెలియనప్పుడే గడి ఖాళీగా నుండవలెను. పేర్లు ఐదుండగా ‘కౌంట్’ సూత్రము 4 చూపినచో, ఆ తప్పిపోయిన ఇల్లెవరిదో మొదట వెదకుడు.