సర్ ఆర్థర్ కాటన్: ఒక సైనిక ఇంజనీరు వాదన



బిలాస్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని జంక్షన్ చేసింది. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమయింది. ఇక్కడి రైల్వే కాలనీకి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసమే వచ్చాయి. ఇలాంటి ఊళ్లో ఉన్న మీకు, రైళ్లకన్నా కాలువలు ముందని వాదించిన ఒక బ్రిటిష్ సైన్యాధికారిని పరిచయం చేస్తాను.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్ పదహారో ఏట మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆ తర్వాతి ఉద్యోగమంతా దాదాపు నీళ్లతోనే గడిచింది. ఇసుక మీద పునాది నిలిపే పద్ధతిని కావేరి మీది పాత కల్లణై కట్టిన మనవాళ్ల నుంచే నేర్చుకున్నామని ఆయన ఒప్పుకున్నారు. పాలకుల నోట అలాంటి మాట అరుదు. ఆ నేర్పే ధవళేశ్వరంలో అక్కరకు వచ్చింది. కరవుతో చితికిన గోదావరి జిల్లాలో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. నది పాయలుగా చీలినచోట లంకలను ఆసరా చేసుకొని నాలుగు భాగాలుగా కట్టారు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న.

ఆ కాలువలు పొలాలు తడపడమే కాదు, పడవలనూ మోశాయి. కాటన్ వాదనకు మూలం ఇదే: కాలువ రెండు పనులు చేస్తుంది, రైలు ఒక్కటే చేస్తుంది.

1858లో ఆయన ఒరిస్సా వెళ్లి మహానదికీ ఇలాంటి పథకమే సూచించారు. మీ అర్పా నీళ్లు శివనాథ్‌లో కలిసి చేరేది ఆ మహానదికే. అయితే ఆ కాలువల కంపెనీ నష్టపోయింది. 1868లో ప్రభుత్వం దాన్ని కొన్నది. డెల్టాలో నెగ్గిన లెక్క అన్నిచోట్లా నెగ్గదు. కొండలూ అడవులూ దాటి పడవలు బిలాస్‌పూర్ దాకా రాలేవు కదా! ఆ మేరకు కాటన్ అతిగా ఆశించారనే నా అభిప్రాయం.

కాని రెండో వైపూ చూడండి. 1896-97లో బిలాస్‌పూర్ జిల్లాలో ఘోరమైన కరవు వచ్చింది. అప్పటికే రైలు ఉంది. రైలు ధాన్యాన్ని తేగలదు, తీసుకుపోనూ గలదు. పంట పోయి, కూలి దొరకని మనిషి చేతికి దాన్ని కొనే డబ్బు మాత్రం ఇవ్వలేదు. చెరువో కాలువో ఉంటే కనీసం పంట నిలిచేది.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చింది. జనరల్ హోదా భారతదేశంలో ఉద్యోగం ముగిశాకే దక్కింది. 1899 జూలై 24న ఇంగ్లండులో మరణించారు. ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్‌లో వానలు మళ్లీ తప్పాయి.