జనతా వాచీ - దాన్ని చేసిన సంస్థ కథ

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించీ, డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడటానికి నాకంటే అనుభవజ్ఞులు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను వేరే విషయం ఏదైనా ఎంచుకోమన్నారు. మనలో చాలామందిమి సర్వీసంతా చేతికి కట్టుకున్న హెచ్.ఎం.టి. జనతా వాచీ గురించీ, దాన్ని తయారుచేసిన సంస్థ గురించీ నాలుగు మాటలు చెబుతాను. దీనికొక కారణం ఉంది. "అది ప్రభుత్వ కంపెనీ గనుకే మూతపడింది, ఇంకా ఆ పాత వాచీ ఎందుకు?" అని మన ఇళ్లలో పిల్లలు అంటూ ఉంటారు. ఆ మాటలో నిజమెంతో చూడాలి. పూర్తి ఫైలు చదవకుండా నోటు రాయకూడదని మనకు నేర్పిన ఉద్యోగం కదా మనది!

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో వాచీ అంటే విదేశీ సరుకే. వెస్టెండ్, ఫావర్ లూబా వంటి స్విస్ వాచీలు కలవారి చేతులకే ఉండేవి. విదేశీ మారకం కొరతవల్ల దిగుమతులపై ఆంక్షలు పెట్టారు. దాంతో దొంగచాటుగా వచ్చే వాచీలు పెరిగాయి. మన ఇళ్లలో కొత్త అల్లుడు అలక పాన్పు ఎక్కి కోరే వస్తువుల్లో సైకిలు, రేడియోలతోపాటు వాచీ కూడా ఉండేదంటే దాని విలువ తెలుస్తుంది.

హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1953లో బెంగుళూరులో మొదలైంది. అప్పుడు అది చేసింది వాచీలు కాదు, లేతు మిషన్ల వంటి యంత్ర పరికరాలు. ఇతర ఫ్యాక్టరీలు నడవాలంటే ముందు యంత్రాలు చేసే యంత్రాలు కావాలన్నది ఆనాటి ఆలోచన. 1961లో జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో అదే బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. తొలి విడత వాచీలను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. ఆడవారికి సుజాత, మగవారికి జనతా, తరువాత పైలట్, జవాన్, కోహినూర్, కీ ఇవ్వనక్కరలేని కాంచన్, ఇలా ఎన్నో రకాలు వచ్చాయి. హిందీ అంకెల డయలుతో కూడా జనతా వచ్చింది. చూపులేనివారు తడిమి వేళ తెలుసుకునేందుకు బ్రెయిలీ వాచీలు చేశారు.

ఈ జనతా లోపల ఏముంది? ఉదయం మనం కీ ఇచ్చినప్పుడు ఒక ఉక్కు స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకోవాలని చూసే బలం పళ్ల చక్రాల మీదుగా బ్యాలెన్స్ చక్రానికి చేరుతుంది. ఆ చక్రానికి వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుంది. దానివల్ల చక్రం ఇటూ అటూ ఊగుతూ, లోపలి బలాన్ని కొంచెం కొంచెంగా మాత్రమే వదులుతుంది. మనకు వినపడే టిక్ టిక్ అదే. జనతాలో అది సెకనుకు 5 సార్లు, గంటకు 18,000 సార్లు. అంటే రోజుకు 4,32,000 సార్లు. ఇరుసులు తిరిగేచోట అరుగుదల లేకుండా కృత్రిమ కెంపులు అమర్చారు. డయలు మీద 17 జ్యూయెల్స్ అని రాసి ఉండేది అందుకే. కింద పడితే బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు పేరు పారాషాక్. ఒకసారి పూర్తిగా కీ ఇస్తే ఒకటిన్నర రోజు నడుస్తుంది. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా, ఆఫీసు హాజరు పట్టీలో ఎర్రసిరా పడకుండా ఉండటానికి అది చాలు!

ఇంకొక గొప్ప ఉంది. జనతా యంత్రం సాదాసీదాది. చిన్న ఊళ్లో బస్టాండు పక్కన గాజుపెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకునే మేస్త్రీ కూడా దాన్ని విప్పి, పెట్రోలుతో శుభ్రం చేసి, నూనె చుక్క వేసి మళ్లీ బిగించేవాడు. సామాన్యుడు కొనగలగడం ఒక ఎత్తు, సామాన్యుడి ఊళ్లోనే అది బాగుపడటం మరొక ఎత్తు. రెండూ కలిసినందువల్లే జనతా పేరుకు తగ్గ వాచీ అయింది.

గిరాకీ పెరిగి బెంగుళూరు ఫ్యాక్టరీ చాలలేదు. శ్రీనగర్‌లోను, కర్ణాటకలోని తుమకూరులోను, నైనిటాల్ జిల్లా రాణీబాగ్‌లోను ఫ్యాక్టరీలు వచ్చాయి. మొత్తం మీద ఈ సంస్థ చేసిన వాచీలు 10 కోట్లు దాటాయి. "దేశానికి వేళ చెప్పేవాళ్లం" అన్న అర్థం వచ్చేలా ప్రకటనలు వేసుకునేది. పరీక్ష పాసైన కుర్రాడికీ, పెళ్లికొడుక్కీ, పదవీ విరమణ చేసే ఉద్యోగికీ అదే బహుమతి. మన హైదరాబాదుకు కూడా హెచ్.ఎం.టి. కొత్తది కాదు. ఇక్కడ యంత్రపరికరాలు, బల్బులు, బేరింగులు చేసింది. వాచీల్లో మన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో సహకారంతో 1980లలో రంగంలోకి దిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

మరి ఇంత సంస్థ ఎందుకు మూతపడింది? 1969 డిసెంబరులో జపాను సీకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. క్వార్ట్జ్ వాచీల్లో సాధారణంగా బ్యాటరీ బలంతో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. కీ ఇవ్వనక్కరలేదు, నెలకు కొద్ది సెకన్ల తేడా తప్ప రాదు. ఈ దెబ్బ హెచ్.ఎం.టి. ఒక్కదానికే తగల్లేదు. 1970లో స్విట్జర్లాండు గడియారాల పరిశ్రమలో సుమారు 90 వేలమంది పనిచేసేవారు. 1980ల నడిమికి వారు 30 వేల చిల్లరకు తగ్గారు. అవన్నీ ప్రైవేటు కంపెనీలే సుమండీ!

హెచ్.ఎం.టి. కూడా 1980ల మొదట్లోనే క్వార్ట్జ్ వాచీలు చేసింది. అయితే తన బలమంతా కీ ఇచ్చే వాచీల మీదే పెట్టింది. 1984లో టాటాలూ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి టైటాన్‌ను స్థాపించారు. హోసూరు ఫ్యాక్టరీ నుంచి చక్కని క్వార్ట్జ్ వాచీలు, అందమైన దుకాణాల్లో వచ్చాయి. వాచీ వేళ చూసుకునే పనిముట్టు మాత్రమే కాదు, అలంకారమని జనం అనుకోసాగారు. ఆ మార్పును హెచ్.ఎం.టి. అందుకోలేకపోయింది. 1991 తరువాత దిగుమతులు తేలికయ్యాయి. శ్రీనగర్ ఫ్యాక్టరీని అక్కడి అల్లర్లు దెబ్బతీశాయి. నష్టాలు ఏటేటా పేరుకున్నాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం వాచీల కంపెనీని మూసివేయాలని నిర్ణయించింది. మిగిలిన ఉద్యోగులకు 2007 నోషనల్ స్కేళ్ల మీద స్వచ్ఛంద విరమణ పథకం ఇచ్చారు. నోషనల్ అన్న మాట బరువేమిటో ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు! తుమకూరు ఫ్యాక్టరీ స్థలం తరువాత ఇస్రోకు వెళ్లింది.

కనుక నా నోటు ఇది. నిర్ణయాలలో ఆలస్యం జరిగిన మాట నిజం. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినది బల్లల ముందు కూర్చుని చక్రాలు బిగించిన కార్మికులు. వారిలో ఆడవాళ్లు చాలామంది. కాని ప్రభుత్వం చేసిన పనంతా దండగ అనడం న్యాయం కాదు. కొందరికే దక్కే వస్తువును గుమస్తాకూ, బడిపంతులుకూ, లైన్‌మన్‌కూ అందించిన సంస్థ అది. చేయవలసిన పని చేసి వెళ్లింది. తన సర్వీసు ముగిసినంత మాత్రాన చేసిన సర్వీసు చెల్లకుండా పోతుందా? పింఛనుదారులమైన మనం ఈ ప్రశ్నకు జవాబు బాగా ఎరుగుదుం.

ఇక ఆచరణకు సంబంధించిన మాటలు. మీ పెట్టెల్లో, బీరువాల్లో జనతాగాని, సుజాతగాని ఉంటే పారవేయకండి. చాలాకాలం ఆగి ఉన్నదైతే లోపలి నూనె గట్టిపడి ఉంటుంది, బలవంతాన నడపకుండా ముందు సర్వీసింగ్ చేయించండి. వాడుతున్నదైతే నాలుగైదేళ్లకొకసారి చాలు. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి, బిగువు తగలగానే ఆపండి. నీళ్లకు దూరంగా ఉంచండి. డయలు వెలిసిపోయిందని కొత్త రంగు వేయించకండి. పాత డయలే దాని అసలు ముఖం. మెరిసే రంగు రంగుల డయళ్లతో కొత్తవంటూ అమ్మే పాత వాచీల్లో చాలావాటికి డయలు తిరిగి రంగు వేసిందే. కొనేవారు జాగ్రత్త పడాలి.

మరొక్క మనవి. ఆ వాచీ ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో కొన్నారో ఒక చీటీ మీద రాసి దానితోపాటే ఉంచండి. రికార్డు లేని వస్తువు మన తరువాత పాత ఇనుము కిందే లెక్క. ఊళ్లో వాచీ మేస్త్రీ ఇంకా ఉంటే పని ఇవ్వండి. వారి పిల్లలు ఆ విద్య నేర్చుకోవడం లేదు. విడిభాగాలు పాత వాచీల నుంచి దొరుకుతాయి, బిగించే చెయ్యి మాత్రం అలా దొరకదు. ఇంట్లో మనవలకు, మనవరాళ్లకు కీ ఇవ్వడం నేర్పండి. నడిచే వస్తువు వెనుక ఎవరి శ్రమో ఉంటుందని వారికి దానితో తెలుస్తుంది.

అధ్యక్షులవారు నాకిచ్చిన వేళ కూడా దగ్గరపడింది కనుక సెలవు తీసుకుంటున్నాను.