పాటల ఫోల్డర్ మాయమైతే ముందు ఏం చెయ్యకూడదు?

ఈరోజు మన టాపిక్ ఫోన్ కాదు, ఇంట్లో మూలన దుమ్ము పట్టి ఉండే పాత కంప్యూటర్. అయినా ఈ ఎపిసోడ్ ఫోన్‌లో చూస్తున్న మీకోసమే. ఎందుకంటే ఆ కంప్యూటర్‌లో ఏదైనా పోతే ఇంట్లోవాళ్లు ముందు పిలిచేది మిమ్మల్నే. "ఒరేయ్, నీకు ఇవన్నీ తెలుసు కదా, ఒకసారి చూడు" అంటారు. మనం హీరోలా వెళ్లి మౌస్ పట్టుకుంటాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మేముండేది ఏ.ఎస్. రావు నగర్‌లో. ఈసీఐఎల్‌ని స్థాపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఈ కాలనీకి పెట్టారు. 1967లో మొదలైన ఆ సంస్థ టీడీసీ సిరీస్ కంప్యూటర్లు ఇక్కడే తయారుచేసింది. అందుకే మా దగ్గర ఏ వీధికి వెళ్లినా ఈసీఐఎల్‌లో రిటైరైన అంకుల్ ఒకరైనా ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ పట్టడం మనకన్నా వాళ్లకే బాగా వచ్చు. అలాంటి అంకుల్ ఒకాయన పోయిన నెల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. "బాబూ, పాటలు కనిపించట్లేదు."

సినిమా పాటలు కాదు. ఆంటీ పాడినవి. ఆవిడ చుట్టుపక్కల పిల్లలకి సంగీతం చెప్పేవారు. అన్నమయ్య కీర్తనలు, మంగళహారతులు, పెళ్లి పాటలు అన్నీ అంకుల్ క్యాసెట్లలో రికార్డ్ చేశారు. తర్వాత టేప్ రికార్డర్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి వైరు పెట్టి, ఒక్కొక్కటీ ఎంపీ3గా మార్చారు. మొత్తం 212 ఫైళ్లు. క్యాసెట్లకి బూజు పట్టిందని పడేశారు. ఆంటీ ఇప్పుడు లేరు. ఇంకెక్కడి నుంచీ డౌన్‌లోడ్ చేసుకునే పాటలు కావివి.

ఇలాంటప్పుడు మొదటి ప్రశ్న: నిజంగా పోయాయా, లేక ప్లేయర్‌కి కనిపించట్లేదా? చాలాసార్లు రెండోదే. ఐట్యూన్స్ లాంటి ప్లేయర్ లైబ్రరీలో ఉండేది పాట కాదు, పాట ఎక్కడుందో చెప్పే అడ్రస్. ఫోల్డర్ పేరు మార్చినా, ఎక్స్‌టర్నల్ డిస్క్ డ్రైవ్ లెటర్ ఇ నుంచి ఎఫ్‌కి మారినా, పాట పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు వచ్చేస్తుంది. పాట మాత్రం హాయిగా డిస్క్‌లోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ వైరస్‌లు కొన్ని ఫోల్డర్లని దాచేసి షార్ట్‌కట్లు చూపిస్తాయి. అందుకే ముందు రీసైకిల్ బిన్ చూడండి, ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటెమ్స్ ఆన్ చెయ్యండి, మొత్తం డ్రైవ్‌లో ఎంపీ3 అని వెతకండి. విండోస్ ఈమధ్యే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటే సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అది మామూలుగా పది రోజులే ఉంటుంది. ఇవన్నీ చూడ్డమే కాబట్టి పెద్ద నష్టం లేదు.

మేమూ ఇవన్నీ చూశాం. ఏమీ దొరకలేదు. అప్పుడు మనవడు, ఇంటర్ చదువుతున్నాడు, మెల్లగా నోరు విప్పాడు. డి డ్రైవ్‌లో గేమ్‌కి చోటు చాలలేదట. ట్రాక్ వన్, ట్రాక్ టూ అని పేర్లున్న ఫోల్డర్ చూసి, పాత చెత్త అనుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టాడట. గేమ్ ఎక్కించాడు. తాతయ్య అడిగేసరికి భయమేసి, ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి డౌన్‌లోడ్ చేశాడు. ఎక్కడికి? అదే డి డ్రైవ్‌కి!

వాణ్ణి తిట్టలేదు. నేనైనా ఆ వయసులో అదే చేసేవాణ్ణి. కానీ ఇది అర్థం చేసుకోండి. మామూలు హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే క్యాసెట్ మీద లేబుల్ పీకెయ్యడం లాంటిది. టేపులో పాట అలాగే ఉంటుంది. "ఇది ఖాళీ, వాడుకోవచ్చు" అని రాసిపెట్టారంతే. దాని మీద ఇంకొకటి రికార్డ్ చేసినప్పుడే పాట పోతుంది. గేమ్ ఎక్కించడం అంటే ఆంటీ పాటల మీద రికార్డ్ బటన్ నొక్కడమే. ఆ సాఫ్ట్‌వేరూ అంతే.

కాబట్టి ఫైళ్లు నిజంగా డిలీట్ అయ్యాయని తెలిసిన క్షణం, కంప్యూటర్ షట్‌డౌన్ చెయ్యండి. బ్రౌజర్ తెరవద్దు, అప్‌డేట్ అవ్వనివ్వద్దు. డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తుంటే అసలు మళ్లీ ఆన్ చెయ్యకుండా డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వడమే మంచిది.

మర్నాడు ప్యారడైజ్ దాటి చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే సాటా కేబుల్ కొన్నాను. అంకుల్ స్క్రూలు విప్పి డిస్క్ బయటికి తీశారు. ఆయన చెయ్యి వణికింది, కానీ ఒక్క స్క్రూ కూడా కింద పడలేదు. దాన్ని నా ల్యాప్‌టాప్‌కి తగిలించాం. దొరికిన ఫైళ్లు సేవ్ చేసేది మాత్రం వేరే డిస్క్‌లోకే. ఇది మర్చిపోతే మళ్లీ మొదటికొస్తారు.

ముందు రెకువా నడిపాను. ఇది ఫైల్ సిస్టమ్‌లో మిగిలిన పాత ఎంట్రీలు చూసి పేర్లతో సహా తెస్తుంది. గేమ్ వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాసి ఆ ఎంట్రీలని తొక్కేసింది కాబట్టి 31 మాత్రమే వచ్చాయి. అంకుల్ ఏమీ అనలేదు, లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకున్నారు.

తర్వాత ఫోటోరెక్. పేరు చూసి ఫోటోలకే అనుకోకండి, ఎంపీ3లూ తెస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇది పేర్లు పట్టించుకోదు. డిస్క్ మొత్తం చదువుతూ, ఎంపీ3 ఫైల్‌కి ఉండే గుర్తులు ఎక్కడ కనిపిస్తే అక్కణ్ణుంచి ఫైల్ బయటికి తీస్తుంది. రాత్రంతా నడిచింది. పొద్దున్నకి రెండూ కలిపి, ఒకే పాట రెండుసార్లు వచ్చినవి తీసేస్తే, 187 పాటలు. కొన్ని సగంలో తెగిపోయాయి.

ఇంకో ఐదు ఎక్కడ దొరికాయో తెలుసా? ఆంటీ చెల్లెలి ఫోన్‌లో. ఎప్పుడో అంకుల్ వాట్సాప్‌లో పంపారట. ఇది మీరు చెయ్యగలిగిన పని. చుట్టాల ఫోన్లలో వాట్సాప్ ఆడియో, వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చూడండి. వాటిలో సెంట్ అని లోపలి ఫోల్డర్ కూడా ఉంటుంది.

ఒక మాట, ఇదంతా పాత హార్డ్ డిస్క్ కాబట్టి కుదిరింది. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల డిలీట్ చేసినవి కాసేపటికే నిజంగా తుడిచిపెట్టుకుపోతాయి. ఫోన్ లోపలి స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అక్కడ ఇంకా కష్టం. "డిలీటైన అన్నీ వెనక్కి తెస్తాం" అనే యాప్‌లు ఎక్కువగా యాడ్స్ చూపించడానికే. మెమరీ కార్డ్ అయితే మాత్రం బయటికి తీసి ఫోటోరెక్‌తో ప్రయత్నించొచ్చు.

మిగిలిన 20 పాటలు రాలేదు. అవి ఏవో కూడా ముందు తెలియలేదు, ఎందుకంటే వచ్చినవాటిలో ఎక్కువ వాటికి పేర్లు లేవు, అన్నీ ఎఫ్ పక్కన ఏవో అంకెలు. కొన్న పాటలైతే ఫైల్ లోపల ట్యాగ్‌లో పేరుంటుంది, ఎంపీ3ట్యాగ్ లాంటి ప్రోగ్రామ్ దాన్నిబట్టి పేర్లు తిరిగి పెట్టేస్తుంది. ఇంట్లో రికార్డ్ చేసినవాటికి ఆ ట్యాగ్ ఎవరు రాస్తారు?

అందుకే అంకుల్ ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక్కొక్కటీ మొత్తం విని, పేరు పెడుతున్నారు. ఆయన చెప్తారు, మనవడు తెలుగులో టైప్ చేస్తాడు. ఒక కాపీ కూతురింటికి వెళ్లిపోయింది. మొన్న నేను వెళ్లినప్పుడు ఒక కీర్తన నడుస్తోంది. మధ్యలో కుక్కర్ విజిల్ వచ్చింది. ఆంటీ పాట ఆపి, "ఏవండీ, స్టవ్ కట్టెయ్యండి" అన్నారు, మళ్లీ అదే శ్రుతిలో అందుకున్నారు.

"దీనికేం పేరు పెట్టాలి తాతయ్యా?" అన్నాడు వాడు.

"కుక్కర్ అని పెట్టు."